నూనె గుడ్డల మడత

కుక్కను కట్టెయ్యరాదు యాదమ్మా! గేటు లేని ఇంటికి గింత పెద్ద కుక్క ఎందుకు? సైటు కాంచి కొత్తగూడ దాక ఎండల పడి నడిచి వస్తిని, పంచె పట్టుకొని గుంజుతున్నది. నీ తీరే వచ్చింది దానికి. మొరుగుడు లేదు, సప్పుడు లేకుంట కరుసుడే.

ఏంది? మొకం అటు తిప్పుకుంటివి?

సరే, తిప్పుకో. కూసోమని నువ్వు ఎట్లాగూ అనవు, నేనే కూసుంట. మోకాళ్లకు మర్యాదలు తెల్వయి.

ఆగాగు! ఆ రేకు డబ్బా ముట్టకు. నేనే తెచ్చిన. నీ బట్టలుతికే బండ మీద, ఎండకు నేనే పెట్టిన. అండ్ల ఏమున్నదో నీకు తెల్వంది కాదు. టేకు తలుపులకు అవిసె నూనె రుద్దిన గుడ్డలు. పొద్దుగాల నా చేతులతోనే మడతబెట్టి పేర్చిన. కోళ్లను గూడ అటు పోనియ్యకు. నీళ్ల కుండ పక్కనే ఉన్నది గదా? ఆఁ, ఉండనీ.

ఎందుకు తెచ్చిననా? చెప్తా. చెప్పేతందుకే వచ్చిన. జర ఓపిక పట్టు. గొంతు ఎండుకపోయింది. నీళ్లడుగుతలేను, ఊకె చెప్తున్న.

ఈ ఓదెలు మేస్త్రి పిలువని ఇంటికి పోయినోడు కాదు. పిలిచినా అన్ని ఇండ్లకు పోడు. మా అన్న కొడుకు పెండ్లి కార్డు మీద నా పేరు కిందికి, చిన్నగ అచ్చేయించిండని ఆ పెండ్లికే పోలే. నవ్వకు. చదువు రాకుంటే ఏంది? చిన్న అచ్చరమేదో పెద్ద అచ్చరమేదో కండ్లకు కనవడదా? వాడు ఇప్పుడు ఎదురైనా నేను రోడ్డు దాటి అవతలికి పోత.

నీ మీద గూడ గట్లనే మనసుల పెట్టుకున్న. దాచుడెందుకు? నువ్వు పనికి వచ్చిన మొదటి దినమే మొదలైంది. కింది అంతస్తుల పెద్ద తలుపు, అద్దమోలె పాలిష్ తీసి ఆరవెట్టిన. నువ్వొచ్చి పొడి చీపురుతోని సర్రున ఊడ్చినవ్. దుమ్మంతా లేచి పోయి తడి తలుపు మీద కూసున్నది, దోసె మీద కారంపొడి సల్లినట్టు. నేను ఒర్లితే నువ్వేమన్నవ్? "ఊడ్వకుంటే ఇంజనీరు తిడ్తడు, ఊడిస్తే మేస్త్రి తిడ్తడు. మీరిద్దరు కూసోని ఒక్క మాట మీదికి రాండ్రి, అందాక నేను నీడకు కూసుంట" అన్నవ్. కూలోళ్లంతా ఇకిలిచ్చిండ్రు. రాళ్లు కొట్టేటోళ్లు గూడ సుత్తెలు కింద పెట్టి నవ్విండ్రు.

వాళ్లు ఆ మాపటికే మరిచిండ్రు. నేను మరువలే.

అప్పటికెళ్లి నిన్ను పేరు పెట్టి పిలువలే. "ఏయ్ ఊడ్పుదానా" అన్న. నీ పేరు యాదమ్మ అని నాకు ఎప్పుడు తెల్సిందో ఎరికేనా? ఇంజనీరు సారు కాయిదం మీద రాసుకున్ననాడు. నిన్ను గేటు బయటికి పంపిననాడు.

అట్ల చూడకు. చెప్తున్న గదా, వరుసగ రానీ.

నా స్టోరు, ఆ రేకుల అర్ర, ఎట్ల ఉంటదో నీకు తెల్వదా? థిన్నరు డ్రమ్ములు ఒక దిక్కు, కింద ఇసుక పరిచి, మూతలు బిగిచ్చి. స్పిరిటు, లక్క ఇంకో దిక్కు. లోపట లైటు లేదు, స్విచ్చి లేదు. కరెంటాయన బల్బు పెడతనంటె వైరు గుంజి బయటేసిన. థిన్నరు ఆవిరి పైకి పోదు యాదమ్మా. నేల మీద పామోలె పాకుతది. నిప్పు యాడున్నదా అని దేవులాడుకుంట పోతది. ఎక్కడనో గోడ అవతల బీడీ తాగుతున్నోని కాళ్ల కాడికి పోయి, అక్కడ అంటుకొని, పోయిన తొవ్వనే ఎనుకకు ఉరికొస్తది. నా కండ్లతోని చూసిన నేను, బేగంబజార్ల పని చేసేటప్పుడు.

అందుకే గదా అగ్గిపెట్టెల బండ పెట్టించిన. బీడీ, అగ్గిపెట్టె, ఏదున్నా ఆ బండ మీద పెట్టి ఇవతలికి రావాలె. విశ్వేశ్వరరావు సారు లైటరు గూడ అక్కడనే పెట్టించిన. "నాక్కూడానా ఓదెలూ?" అన్నడు. "థిన్నరుకు ఇంజనీరు, కూలి అని తెల్వదు సారూ" అన్న. కోపమొచ్చింది ఆయనకు, గని పెట్టిండు. తర్వాత గోడ మీద ఎర్ర అచ్చరాల బోర్డు రాయించిండు. కొత్తగొచ్చిన కూలోళ్లకు నేను వేలు పెట్టి చదివి చెప్పేటోన్ని. ఒక్కొక్కనాడు ఒక్కొక్క తీరు చదివిన. ఎవడు పట్టుకుంటడు? వాళ్లకూ రాదాయె.

ఏంది? నేను ఊకె ఏదో చదువుతున్ననని నీకు తెల్సా? ఎప్పటికెళ్లి?

మరి ఎవరికీ చెప్పలేదేందే.

ఊఁ.

సరే. గుడ్డల ముచ్చటకొస్త. ఇదివరకు నేను చేసింది ఇండ్ల పనులే. ఒక దర్వాజ, రెండు అల్మార్లు. నూనె రుద్దుడు అయిపోతే గుడ్డ తీసి గోడ మీదికి ఇసిరేసేటోన్ని. అది ఎండి అట్ట లెక్క గట్టిగ అయ్యేది. ఎవరన్నా పొయ్యిల పెట్టుకునేటోళ్లు. అంతే దాని కథ. ఈ అద్దాల బిల్డింగుల గట్ల కాదు గదా. ఎటు చూసినా తలుపులే. గంపెడు గంపెడు గుడ్డలు. ఆ సూటుబూటోళ్లు వచ్చిపోతుంటరు, కంప్యూటర్లు యాడ పెట్టాలె, కుర్సీలు యాడ పెట్టాలె అని చూసేతందుకు. ఒకడు నా స్టోరు తొంగి చూసి సారుతోని ఇంగ్లీషుల ఏదో అన్నడు. "ఇంత శుభ్రమైన స్టోరు బెంగుళూర్లో కూడా చూడలేదంటున్నారయ్యా" అని సారు చెప్పిండు నాకు.

ఆ మాట నాకు కల్లు లెక్క ఎక్కింది యాదమ్మా.

అప్పటికెళ్లి గుడ్డలు గూడ మడతబెట్టుడు మొదలువెట్టిన. మూలకు మూల కలిపి, పెండ్లి చీరె మడతబెట్టినట్టు. కట్టె పెట్టెల ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఇటుక బరువు పెట్టి, మూత పెట్టి, అదే రేకుల అర్రల డ్రమ్ముల పక్కకు జరిపిన. ఎవరన్నా వస్తే మూత తీసి చూపెట్టేటోన్ని.

నువ్వేమో ఊడ్వనొచ్చి, అవి బయటికి తీసి కంచె తీగె మీద ఆరేసేదానివి. ఒక్కసారి కాదు, నేను తిట్టిన కొద్దీ ఆరేసినవ్. సారు నన్ను తిట్టిండు, ఈ పేలికల తోరణాలేంటయ్యా, ఎవరైనా చూస్తే సిగ్గుపోతుందని. నేనొచ్చి నీ మీద పడ్డ. "నీ అయ్య జాగీరా కంచె?" అన్న. నువ్వు అప్పుడేమన్నవో యాదికున్నదా?

నాకున్నది. "కాగుతున్నయి మేస్త్రీ. లోపట చెయ్యి పెడితే జరమొచ్చిన పిల్ల ఒళ్లు లెక్క కాగుతున్నయి" అన్నవ్.

నేనేమన్న? "కల్లు తాగి చెయ్యి పెట్టినవా? నీ చెయ్యే కాగుతున్నదేమో, దవాఖానకు పో" అన్న. ఈసారి కూలోళ్లు నిన్ను చూసి నవ్విండ్రు. లెక్క సరిపోయిందనుకున్న. ఆ నవ్వు ఎంత సల్లగుండెనో నాకు! మళ్ల తీగె మీదికెళ్లి గుడ్డలన్నీ తీసి, ఒక్కొక్కటి మడతబెట్టి, ఇటుక పెట్టిన.

ఆ దినం… మనందరం నీడకు బువ్వ తింటుంటిమి. నువ్వు అప్పుడే స్టోరు ఊడ్చి వచ్చి కూసున్నవ్. చెయ్యి గూడ కడుక్కోలే నువ్వు. పొగ ముందు నేనే చూసిన. తర్వాత నీకు తెల్సిందే. పెట్టె మండుతున్నది, దాని పక్కన నిలవెట్టిన తలుపులు మండుతున్నయి. ఇసుక బకీట్లు పట్టుకొని ఉరికినం. నువ్వు గూడ ఉరికినవ్. నీ కొంగు అంచు కాలింది. ఇయ్యాల గూడ అదే చీరె కట్టినవ్, కనవడుతనే ఉన్నది నాకు.

డ్రమ్ములకు అంటుకోలే. అంటుకుంటే అన్నం ముందట కూసున్నోళ్లల్ల ఒక్కరు మిగలకపోదుము. మూతలు బిగిచ్చి ఉండె గనక బతికినం. అదే చెప్పుకున్న నేను అందరికీ. "నా మూతలు చూసిండ్రా, నా మూతలు!" అని. మూతల గురించే చెప్పిన. పెట్టె గురించి మాట్లాడలే.

ఇగ నిప్పు యాడికెళ్లి వచ్చినట్టు? నిప్పు లేంది పొగ రాదు గదా. బండ మీద అగ్గిపెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నయి. సారు మొకం మాడిపోయింది. "నీ స్టోర్లోకి నిప్పెలా వచ్చింది ఓదెలూ?" అని నన్నే అడిగిండు, అందరి ముందట. నన్ను!

ఆఖరుకు లోపటికెళ్లి వచ్చింది నువ్వే. "తలాషి చెయ్యాలె సారూ" అన్న. నీ బొడ్ల తిత్తి విప్పమన్న. నువ్వు అటు మళ్లి విప్పుతనంటె ఇటే మళ్లమన్న. అంతమంది మొగోళ్లల్ల. వక్కలు పడ్డయి, పొగాకు పడ్డది, సున్నపు డబ్బి పడ్డది. అగ్గిపెట్టె పడ్డది.

లేచిపోకు. జర కూసో. నీ కాళ్లు మొక్కుత, కూసో.

పొయ్యి ముట్టిచ్చి అట్లనే బొడ్ల పెట్టుకొని వచ్చినవ్, బండ మీద పెట్టుడు మరిచినవ్. నువ్వు చెప్పినవ్, నేను విన్న. విన్న గని, ఆ అగ్గిపెట్టెను పైకెత్తి పట్టుకున్న, పందెంల గెలిచిన కోడిని పట్టుకున్నట్టు. సారు నీ పేరు రాసుకున్నడు. నువ్వు చీపురు అక్కడనే వదిలేసి పోయినవ్.

ఇప్పుడు నీకు కొండాపూర్ల పని లేదట. మాదాపూర్ల లేదట. ఏ గేటు కాడికి పోయినా "గీమెనే గదా బిల్డింగు కాలవెట్టింది" అని తిప్పి పంపుతున్నరట. మీ సందు మొదట్ల, కొత్తగూడ చౌరస్తల చాయ్ అమ్మే ఐలయ్య చెప్పిండు. మీ ఇల్లేదని అడిగితే ఆయన గూడ అదే అన్నడు. "ఏ యాదమ్మ? కాలవెట్టినామెనా?" అని. ఆ పేరు పెట్టింది నేనే, ఆ పేరుతోనే తొవ్వ తెలుసుకొని వచ్చిన నీ ఇంటికి.

నిన్న ఏమైందో విను.

కాలిపోయిన అర్ర పక్కకు ఇంకో అర్ర కట్టిచ్చిండ్రు. మళ్ల అదే తీరు. డ్రమ్ములు, ఇసుక, బండ. కొత్త పెట్టె. మూలకు మూల కలిపి పేర్చిన. బువ్వ తిని వచ్చి, ఒక గుడ్డ తీద్దామని నడుమల చెయ్యి పెట్టిన.

కాగుతున్నయి.

జరమొచ్చిన పిల్ల ఒళ్లు లెక్కనే. వేరే మాట ఎతికిన యాదమ్మా. నువ్వన్న మాట కాకుంట ఇంకో మాట దొరుకుతదేమోనని ఎతికిన. దొరకలే.

అర్రలకు ఎవరూ రాలే, తాళం నా మొల్తాడుకే ఉన్నది. పెట్టెను మైదానంలకు గుంజుకపోయి దూరం కూసున్న. కూసోని చూసిన. చాన సేపటికి సన్నగ పొగ లేచింది, ఊదుబత్తి పొగోలె. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు, మనిషి లేడు. ఆ నూనె అట్లనే ఆరుతది, ఆరుతుంటె కాగుతది. ఇడిచిపెడితే గాలి ఆ వేడిని తీసుకపోతది. నేనేమో గాలి తాకకుంట మడతబెట్టి, ఇటుక పెట్టి, మూత పెడితిని. సప్పుడు కాకుంట లోపట లోపట కాగి కాగి… నా లెక్కనే.

సారు కాడికి ఉరికిన. చెప్పిన. ఆయన ఏమన్నడో చెప్పనా? "నిప్పు లేకుండా గుడ్డలెలా అంటుకుంటాయయ్యా? ఎండకి నీ బుర్ర అంటుకున్నట్టుంది. వచ్చే ఏడు రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని మేం చస్తుంటే, నువ్వు గుడ్డలకి జ్వరమంటావేంటి? రిపోర్టు హెడ్డాఫీసుకి వెళ్లిపోయింది. ఆవిడ పేరుతో అది ముగిసిపోయింది. మళ్లీ తెరిస్తే నీ పేరొస్తుంది, ఆలోచించుకో" అన్నడు.

నేను నీతోని అన్నట్టే అన్నడు. మాట మాటకు.

అందుకే ఇది తెచ్చిన. పొద్దుగాల మడతబెట్టిన, ఎప్పటోలె. రేపు గిట్లనే ఒక డబ్బా గేటు కాడ పెడత, సూటుబూటోళ్లు వచ్చే యాళ్లకు. అందరి ముందట పొగ రావాలె. నువ్వు నా పక్కన నిలవడాలె. నిన్ను బయటికి పంపిన తొవ్వలకెళ్లే లోపటికి తీసుకపోత. ఆగు, తల అడ్డం ఊపకు. ముందు నీ కండ్లతోని నువ్వు చూడు. నీ వాడోళ్లను పిలువు, ఆ ఐలయ్యను పిలువు. అందరూ చూడాలె.

చెయ్యి పెట్టు. పైన కాదు, నడుమల. పెట్టు.

కాలిందా?

ఏమంటున్నవ్? గట్టిగ అను.

…అగ్గిపెట్టెనా? ఆ అగ్గిపెట్టె సంగతేంది అంటె…

అడుగుతవని తెల్సు. తొవ్వ పొడుగునా అదే అనుకుంట వచ్చిన. అడగకుంటె బాగుండునని మొక్కుకుంట వచ్చిన.

చెప్తా. గుడ్డల సంగతి నాకు నిన్ననే తెల్సింది. నిజం. బిడ్డ మీద ఒట్టు. గని అగ్గిపెట్టె సంగతి ఆ దినమే తెల్సు. నీ తిత్తిలకెళ్లి పడ్డప్పుడు చేతుల పట్టుకున్న గదా? మెత్తగున్నది. నీ చెమటకు నాని, పుల్లల మందు కరిగి ఒక్కదానికొకటి అంటుకపోయి ఉన్నయి. పెట్టె పక్క మందు నా బొటనవేలికి అంటింది. ఆ పెట్టెతోని నిప్పు పుట్టదు. దేవుడొచ్చి గీసినా పుట్టదు. నాకు తెల్వకపోవుడేంది? నిప్పు సంగతి నాకన్న ఎక్కువ తెల్సినోడు ఆ సైటుల ఎవడున్నడు?

సారు ఇటియ్యమంటె, ఆయన చూస్తే తెలుస్తదని నా జేబుల వేసుకున్న. "సాచ్చం సారూ, నా కాడ ఉంటది" అన్న.

ఇగో. ఇప్పటికీ నా కాడనే ఉన్నది. పారెయ్యలేకపోయిన. తీసుకో. తీసుకోవా? సరే, ఇక్కడ బండ మీద పెడ్త.

గిదీ సంగతి. పొడి చీపురుకూ, నలుగురు నవ్విన నవ్వుకూ చేసిన ఈ పని.

యాదమ్మా! పొగ! చూడు, చూడు, డబ్బా సందులకెళ్లి లేస్తున్నది! పిలువు, ఐలయ్యను కేకేయి! ఓ ఐలయ్యా! ఓ అమ్మలారా, ఇటు రాండ్రి! ఈమె కాలవెట్టలే, ఇటొచ్చి చూడుండ్రి…

అయ్యో! అయ్యో, ఏంది, కుండ ఎందుకెత్తుతున్నవ్? ఆగు, ఇంకా ఎవరూ రానే లేదు! జర ఆగు చెల్లె…

పోసేసినవ్.

కుండెడు నీళ్లూ పోసేసినవ్. ఇగ వాళ్లొస్తే ఏం చూస్తరు? తడి గుడ్డలు చూస్తరా?

ఏమన్నవ్?

…ఆఁ. నిజమే. నువ్వు ముందే చూసినవ్. నీకు సాచ్చం ఎందుకు? సాచ్చం కావాల్సింది నాకే. నలుగుర్ల నేను మంచోన్ని అనిపిచ్చుకునేతందుకు నీ వాకిట్ల నిప్పు పెట్టిన.

రేపు నువ్వు రాకు. నేనొక్కన్నే నిలవడత గేటు కాడ. గుడ్డల సంగతి చెప్త. అగ్గిపుల్లల సంగతి గూడ చెప్త. అది నోట్లకెళ్లి వస్తదో రాదో, ఇక్కడ వచ్చింది గదా. నవ్వుతరు. నవ్వనీ. వింటరో లేదో అది వాళ్ల ఇష్టం. నీకు పని మళ్ల ఇస్తరని మాత్రం చెప్పలేను. అబద్ధమాడను ఇంక.

గుడ్డలు పిండి ఆరేస్తున్నవా? నీ కంచె మీదనే? ఆరెయ్యి. అదీ పద్ధతి. ఆ చివరిది మూల మడతవడ్డది, దాన్ని జర…

వద్దులే. నీకు తెల్సు.

పోత. కుక్కను పట్టుకో. ఎండ ఇంకా దిగలే, నోరు పిడచ కట్టుకపోయింది.

నాకియ్యని నీళ్లు ఆ నిప్పుకు పోసినవ్. మంచి పని చేసినవ్.